సెయింట్ హెలీనా - అసెన్షన్ విమాన మార్గం

'''సెయింట్ హెలీనా - అసెన్షన్ విమాన మార్గం''' దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రంలోని రెండు బ్రిటిష్ దీవులను కలిపే మార్గము. ఈ రెండు విమానాశ్రయాల మధ్య దూరం సుమారు 1,300 కిలోమీటర్లు (703 నాటికల్ మైళ్ళు). జెట్ విమానంలో ప్రయాణ కాలం సుమారు 2 గంటలు. దారిలో మరొక దీవి గాని, విమానాశ్రయం గాని లేవు.

== దూరం లెక్కించే విధానం ==
సెయింట్ హెలీనా విమానాశ్రయం 15°58′ దక్షిణ అక్షాంశం, 5°39′ పశ్చిమ రేఖాంశం వద్ద ఉన్నది. అసెన్షన్‌లోని వైడవేక్ విమానాశ్రయం 7°58′ దక్షిణ అక్షాంశం, 14°24′ పశ్చిమ రేఖాంశం వద్ద ఉన్నది.

అక్షాంశాల తేడా 8°, అనగా 480 నిమిషాలు. అక్షాంశంలో ఒక నిమిషం ఒక నాటికల్ మైలుకు (1.852 కి.మీ.) సమానం కనుక ఉత్తర దక్షిణ దూరం 480 నాటికల్ మైళ్ళు. రేఖాంశాల తేడా 8°45′, అనగా 525 నిమిషాలు. ధ్రువాల వైపు పోయే కొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి. అందువలన ఈ సంఖ్యను సగటు అక్షాంశమైన 12° యొక్క కొసైన్ విలువతో (0.978) గుణించాలి. అప్పుడు తూర్పు పడమర దూరం 514 నాటికల్ మైళ్ళు వస్తుంది. ఈ రెండింటిని లంబకోణ త్రిభుజం భుజాలుగా తీసుకుంటే కర్ణం 703 నాటికల్ మైళ్ళు. ఇంత దూరానికి ఈ లెక్కకూ, గోళీయ త్రికోణమితి లెక్కకూ తేడా చాలా స్వల్పం.

== ప్రయాణ కాలం ==
గంటకు 800 కి.మీ. వేగంతో ఈ దూరానికి 1 గంట 37 నిమిషాలు పడుతుంది. గంటకు 100 కి.మీ. ఎదురుగాలి ఉంటే అది 1 గంట 51 నిమిషాలవుతుంది. పైకి లేచేటపుడు, దిగేటపుడు వేగం తక్కువ కనుక మొత్తం 2 గంటలుగా లెక్కించవచ్చు. రెండు దీవులలోనూ గ్రీనిచ్ సమయమే పాటిస్తారు కనుక గడియారం మార్చుకోనవసరం లేదు. 15 నాట్ల వేగంతో నడిచే ఓడకు ఇదే దూరం సుమారు 47 గంటల ప్రయాణం.

== చరిత్ర ==
వైడవేక్ విమానాశ్రయాన్ని రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో అమెరికా సైన్యం నిర్మించింది. అక్కడ గుంపులుగా గూళ్ళు పెట్టే ఒక సముద్రపక్షికి గల స్థానిక నామమే దీనికి పేరయింది. సెయింట్ హెలీనాకు మాత్రం 2017 వరకు ఓడయే ఆధారం. 2016లో జరిపిన పరీక్షా ప్రయాణాలలో, కొండ అంచున ఉన్న రన్‌వే వద్ద గాలి దిశ, వేగం హఠాత్తుగా మారడం (విండ్ షియర్) గమనించడంతో ప్రారంభం ఆలస్యమైంది. 2017 అక్టోబరు 14న జోహానెస్‌బర్గ్ నుండి తొలి షెడ్యూల్డ్ విమానం వచ్చింది. అదే సంవత్సరం నవంబరులో అసెన్షన్‌కు నెలకొక విమానం మొదలయింది. 2018లో ఆర్.ఎం.ఎస్. సెయింట్ హెలీనా ఓడ సేవ ముగిసింది.

== ప్రాముఖ్యత ==
అసెన్షన్‌లో శాశ్వత నివాస హక్కు ఎవరికీ లేదు. అక్కడి ఉద్యోగులలో చాలామంది సెయింట్ హెలీనా వాసులే. కుటుంబాన్ని విడిచి వెళ్ళిన వారికి ఇంటికి ఇదే దారి. నెలకు ఒకే విమానం ఉన్నపుడు అది తప్పిపోతే, 2 గంటల ప్రయాణానికి ఒక నెల నిరీక్షించవలసి వస్తుంది. అందువలన మారుమూల విమానాశ్రయాల మధ్య ప్రయాణ కాలాన్ని అంచనా వేసేటపుడు దూరం, వేగంతో పాటు విమానాల సంఖ్యను కూడా పరిగణించాలి.