పెట్టె ఒకరిది, తాళము మరొకరిది

ఇల్లు అమ్మిన ఆసామి మూడేండ్ల తరువాత తిరిగివచ్చి, "ఇందులో ఒక గదికి తాళము వేయుచున్నాను, సమ్మతింపనిచో వీధితలుపు తెరువనీయను" అన్నయెడల కొన్నవాడు ఊరకుండునా? ఊరి పెద్దల యెదుట పంచాయతీ పెట్టించును. 2010వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన పెక్కు దేశములలో ఇంచుమించు ఇట్టి సంఘటనయే జరిగినది. అయితే అమ్మినది ఇల్లు కాదు, పిల్లలు ఆడుకొను యంత్రము.

జపాను దేశపు సోనీ సంస్థ 2006 నవంబరులో ప్లేస్టేషన్ 3 అను యంత్రమును విడుదల చేసినది. గేమ్ కన్సోల్ అని వ్యవహరింపబడు ఈ జాతి యంత్రములు చూచుటకు ఆటవస్తువులే గాని, లోపల ఉన్నది నిజమైన కంప్యూటరే. ఇందులోని సెల్ అను ప్రాసెసర్‌ను సోనీ, తోషిబా, ఐ.బి.ఎం. సంస్థలు మూడును కలసి రూపొందించినవి. అమెరికాలో పెద్దరకము వెల 599 డాలర్లు. తయారీ ఖర్చు ఆ వెలను మించినదనుట ఆనాడు దాపరికము లేని సంగతి. యంత్రముపై నష్టపడి, ఆటలపై లాభము తీయుట ఈ వ్యాపారమున పరిపాటి. కావుననే ప్రతి కన్సోల్‌కును లోపల ఒక తాళము ఉండును. తయారీదారు ముద్ర వేసిన ఆటయే నడువవలెను; దొంగప్రతి నడువరాదు; అనుమతి పొందనివాడు స్వయముగా వ్రాసిన ఆటయు నడువరాదు. దొంగను ఆపునదియు, స్వతంత్రుని ఆపునదియు ఒకే తాళము. తగవంతయు పుట్టినది ఇచ్చటనే.

ప్లేస్టేషన్ 3 విషయమున సోనీ మొదట కొంత ఔదార్యము చూపినదనుట న్యాయము. కొన్నవారు ఇచ్ఛ కలిగినచో లినక్స్ వంటి వేరొక నిర్వహణ వ్యవస్థను అందులో స్థాపించుకొనుటకు "అదర్ ఓ.ఎస్." అను సౌకర్యమును కల్పించినది. చిత్రములను గీయు చిప్ మాత్రము లినక్స్ చేతికి అందకుండ హైపర్‌వైజర్ అను కావలివానిని నిలిపినది. అంతమాత్రము చాలునన్నవారు పలువురు ముందుకు వచ్చిరి. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు డార్ట్‌మత్ శాఖలో భౌతికశాస్త్రజ్ఞుడు గౌరవ్ ఖన్నా 2007లో కొన్ని ప్లేస్టేషన్లను జతపరచి, కృష్ణబిలములనుండి వెలువడు గురుత్వ తరంగములను గణించెను. అమెరికా వైమానిక దళపు పరిశోధనాలయము రమారమి 1,700 ప్లేస్టేషన్లను కూర్చి 2010లో ఒక మహాగణనయంత్రమునే నిర్మించినది. పిల్లల ఆటవస్తువు యుద్ధవిమానముల వారికి పనికివచ్చుట వింతయే గాని, చౌక బేరమును ఎవరు కాదందురు?

ఇంతలో జార్జ్ హాట్జ్ అను ఇరువదేండ్ల యువకుడు రంగమున ప్రవేశించెను. పదునేడవ యేట ఐఫోన్ బంధమును విడిపించి పేరు పొందినవాడితడు. 2010 జనవరిలో, అదర్ ఓ.ఎస్. ఆధారముగనే హైపర్‌వైజర్ కన్నుగప్పి యంత్రపు స్మృతిభాగమును చదువగలిగితినని ప్రకటించెను. సోనీ బెదరినది. భద్రత కొరకని చెప్పి, ఏప్రిల్ 1వ తేదీన వెలువరించిన 3.21 అను నూతన సాఫ్ట్‌వేర్‌తో అదర్ ఓ.ఎస్.ను తొలగించినది. ఇష్టము లేనివారు దానిని స్థాపింపకుండ ఉండవచ్చును. కాని అట్టివారికి సోనీ నెట్‌వర్క్‌లో ప్రవేశము లేదు, ఇతరులతో కలసి ఆడుట లేదు. అనగా యజమాని తన యంత్రములోని రెండు గుణములలో ఏది చావవలెనో తానే నిర్ణయించుకొనవలెను! రెండింటికిని వెల ముందే చెల్లించియున్నాడు గదా.

ఆ తొలగింపు ఫలితము విపరీతముగ పరిణమించినది. లినక్స్‌కు చోటున్నంత కాలము, అనగా మూడేండ్లకు పైగా, ఆ యంత్రపు తాళము చెక్కుచెదరలేదు. చోటు తీసివేసిన యేడాది గడువకముందే పగిలినది. 2010 డిసెంబరు చివర బెర్లిన్ నగరములో జరిగిన కంప్యూటరు నిపుణుల సమ్మేళనమున ఫెయిల్ ఓవర్‌ఫ్లో అను బృందము వేదిక నెక్కి ఆ రహస్యమును విప్పినది. పోగొట్టుకొన్న లినక్స్‌ను తిరిగి సంపాదించుటయే తమ ఆశయమని వారు చెప్పిరి.

వారు విప్పిన విధానము గణితోపాధ్యాయులకు ప్రియము కలిగించును గనుక ఇచ్చట కొంత నిలువవలెను. సోనీ వేయు ముద్ర లక్కముద్ర కాదు, సంఖ్యలతో కూర్చిన సంతకము. ఆ సంతకమును పుట్టించు సమీకరణములో బయటివారికి తెలియని రాసులు రెండుండును. ఒకటి సంస్థ గుట్టుగ దాచుకొను శాశ్వతమైన తాళపుచెవి. రెండవది ఒక్క సంతకమునకు మాత్రము వాడి పారవేయవలసిన యాదృచ్ఛిక సంఖ్య. ఒక సమీకరణము, రెండు అజ్ఞాతరాసులు: ఇది సాధ్యము కాదని ఉన్నత పాఠశాల విద్యార్థియు చెప్పగలడు. మరియొక సంతకము దొరికినను ప్రయోజనము లేదు. దానితోపాటు మరియొక క్రొత్త అజ్ఞాతరాశి వచ్చును. కాని సోనీ ఆ యాదృచ్ఛిక సంఖ్యను మార్చుట మరచినది. ప్రతి సంతకమునకును అదే సంఖ్య! ఇక కావలసినదేమి? రెండు సంతకములు తీసికొన్నచో రెండు సమీకరణములు, రెండే అజ్ఞాతరాసులు. ఒక దానినుండి మరియొక దానిని తీసివేసి సాధించు పద్ధతి నల్లబల్లపై ఏటేటా చూపునదే. కోట్ల డాలర్ల కోటకు ఆ చిన్న లెక్కయే ద్వారము తెరచినది.

మరి కొలది దినములకు, 2011 జనవరిలో, హాట్జ్ మరింత లోతున నున్న మూలకీలకమును సంపాదించి లోకమునకు వెల్లడించెను. దొంగప్రతులు నడిపించుటకు తాను సమ్మతింపనని అతడు చెప్పుచునే యుండెను. కాని గాలికి వదలిన దీపము ఏ యింట వెలుగునో, ఏ యింటి కప్పు కాల్చునో వదలినవాని చేతిలో ఉండదు. దొంగప్రతులు వ్యాపించినవి, కలసి ఆడు ఆటలలో మోసగాండ్రు చొరబడిరి. ఏండ్ల తరబడి శ్రమించి ఆట వ్రాసిన వానికి అది నిజమైన నష్టము. "మార్చుకొను హక్కు" అను నినాదము మాటున ఉచితముగ ఆడుకొనుటయే కోరినవారు అధిక సంఖ్యలో ఉండిరని ఒప్పుకొనక తప్పదు.

సోనీ జనవరి 11వ తేదీన కాలిఫోర్నియాలోని ఫెడరల్ న్యాయస్థానమును ఆశ్రయించినది. 1998లో అమెరికా చేసిన డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టము ఆ వ్యాజ్యమునకు ముఖ్యమైన ఆయుధము. ఆ చట్టపు తీరు విచిత్రమైనది. పుస్తకమునకు ప్రతి తీయుట ఒక నేరము కాగా, పుస్తకపు పెట్టెకున్న తాళమును త్రోసిపుచ్చుట వేరొక నేరము. లోపలి పుస్తకమును ముట్టకున్నను సరే. హాట్జ్ వెబ్‌సైటును దర్శించినవారి చిరునామాలను రాబట్టుకొనుటకు సైతము న్యాయస్థానము సోనీకి అనుమతి నిచ్చినది. అది పలువురికి కంటగింపైనది. వ్యాజ్యము తీర్పుదాక పోలేదు. ఇక ముందు సోనీ వస్తువుల జోలికి పోనని హాట్జ్ ఒప్పుకొనగా, ఏప్రిల్ 11న రాజీ ప్రకటింపబడినది. ఆ నెలలోనే అజ్ఞాతులెవరో సోనీ నెట్‌వర్క్‌లో చొరబడి 7 కోట్ల 70 లక్షల ఖాతాల వివరములను అపాయమున పడవేసిరి. ఆ సేవ మూడు వారములకు పైగ మూతబడినది. కొన్నవారి చేతులను కట్టుటలో చూపిన జాగ్రత్త, కొన్నవారి వివరములను కాచుటలో కొరవడినదేమో! అందుకై 2013లో బ్రిటిషు సమాచార కమిషనరు రెండున్నర లక్షల పౌన్ల జరిమానా విధించెను.

అన్ని దేశములు ఒకే త్రోవ తొక్కలేదు. మొదటి ప్లేస్టేషన్‌కు మాడ్ చిప్ అను చిన్న తునకను అతికించి అమ్మిన స్టీవెన్స్ అను వర్తకునిపై సోనీ ఆస్ట్రేలియాలో వ్యాజ్యము వేసియుండెను. ఆ చిప్ అతికినచో దొంగప్రతులే గాక, విదేశమున న్యాయముగ కొని తెచ్చుకొన్న ఆటలును నడచును. 2005 అక్టోబరులో ఆ దేశపు హైకోర్టు న్యాయమూర్తులు ఆరుగురును ఏకగ్రీవముగ స్టీవెన్స్ పక్షము వహించిరి. సోనీ తాళము ప్రతి తీయుటను ఆపుట లేదు. తీసిన ప్రతిని నిరుపయోగము చేయుచున్నది, అంతే. కనుక చట్టము చెప్పిన రక్షణసాధనము అది కాదని వారి తర్కము. మరుసటి యేడు అమెరికాతో కుదిరిన వాణిజ్య ఒడంబడిక ననుసరించి ఆస్ట్రేలియా చట్టమును బిగించినది. అయినను ఒక దేశపు ఆట మరొక దేశమున నడువకుండ చేయు అడ్డుకట్టకు మాత్రము ఆ రక్షణ నీయలేదు.

మన దేశమున 2012లో కాపీరైట్ చట్టమునకు 65ఎ అను సెక్షను చేర్చబడినది. హక్కులను ఉల్లంఘించు ఉద్దేశముతో తాళమును తప్పించినవానికి రెండేండ్ల దాక కారాగారము, జరిమానా. ఉద్దేశము అను ఆ పదము చిన్నదే యైనను బరువు గలది. చట్టము నిషేధింపని ప్రయోజనమునకై తాళము తీసినవానిని ఆ సెక్షను వదలివేయుచున్నది. స్వంత యంత్రమును విప్పి చూడగోరు విద్యార్థికి అమెరికా చట్టముకన్న ఇది దయగలదనవచ్చును.

అదర్ ఓ.ఎస్. కోల్పోయినవారు అమెరికాలో వేసిన సామూహిక వ్యాజ్యము ఏండ్ల తరబడి నలిగి, 2018లో 37 లక్షల 50 వేల డాలర్ల రాజీతో ముగిసినది. ధనము వచ్చినది గాని తీసివేసిన గది తిరిగి తెరువబడలేదు. తాళముల చట్టమునకు మినహాయింపులను అచట మూడేండ్లకొకసారి కాంగ్రెస్ గ్రంథాలయాధికారి ప్రకటించును. 2012లో కన్సోల్ యజమానులు అడిగిన మినహాయింపును త్రోసిపుచ్చిరి. 2021లో ఒక చిన్న సందు విడిచిరి: డిస్కును చదువు భాగము చెడిపోయినచో, దానిని బాగుచేసికొనుటకు మాత్రము తాళము తీయవచ్చును, పని ముగిసిన పిదప తాళమును యథాస్థితికి తేవలెను. అందుకు కావలసిన పనిముట్టును ఇతరులకు అమ్ముటపై నున్న నిషేధము మాత్రము అట్లే నిలిచినది.