నడక విహారం: ద్రాక్షతోటల ఊళ్లు, చెరకు తోటల ఊళ్లు

విషయ పరిచయం

వాహనంలో వెళ్లే యాత్రికుడు రెండు దర్శనీయ స్థలాల మధ్య ఉన్న ఊళ్లను దాటిపోతాడు. నడిచి వెళ్లేవాడు ఆ ఊళ్లలో ఆగి మంచినీళ్లు తాగుతాడు, భోంచేస్తాడు, రాత్రికి బస చేస్తాడు. రోజుకు 10 నుంచి 15 కిలోమీటర్ల చొప్పున, ఊరి నుంచి ఊరికి తాపీగా సాగే ప్రయాణాన్ని ఇక్కడ నడక విహారం అంటున్నాం. దీనివల్ల పల్లెకు ఏం మిగులుతుందో రెండు ఉదాహరణలతో పరిశీలిద్దాం.

టస్కనీ ఉదాహరణ

ఇటలీలోని టస్కనీ ప్రాంతం వైన్‌కు ప్రసిద్ధి. మధ్యయుగంలో అక్కడ చాలా ఊళ్లు రక్షణ కోసం కొండల మీద, ప్రాకారాల నడుమ వెలిశాయి. కింది వాలుల్లో ద్రాక్ష, ఆలివ్ తోటలుంటాయి. రోమ్‌కు పోయే పాత యాత్రామార్గం వియా ఫ్రాంచిజెనా ఈ ప్రాంతం మీదుగానే సాగుతుంది. ఇక్కడి వాల్ డోర్చా లోయ 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

అంతకు ముందే, 1985లో, ఇటలీ ఒక చట్టం చేసింది. దాని ప్రకారం రైతు తన పొలం దగ్గర అతిథులకు బస, భోజనం ఏర్పాటుచేసి ఆదాయం పొందవచ్చు. అయితే వ్యవసాయమే ప్రధాన వృత్తిగా ఉండాలి. కారణం స్పష్టమే: యాత్రికుడు చూడవచ్చేది ఆ తోటలను. సాగు ఆగితే చూడటానికి తోటలే ఉండవు.

సబ్బవరం, అనకాపల్లి పరిసరాలు

మన దగ్గర ద్రాక్ష స్థానంలో చెరకు ఉంది. అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోని పెద్ద మార్కెట్లలో ఒకటి. శీతకాలంలో గానుగల దగ్గర చెరకు రసాన్ని పెద్ద పెనాల్లో కాచి, పాకం దించి, దిమ్మలు కడతారు. ఎండిన పిప్పే పొయ్యికి వంటచెరకు.

కొండమీది చరిత్రకూ కొదవ లేదు. అనకాపల్లి సమీపంలోని శంకరం గ్రామం పేరు 'సంఘారామం' నుంచి వచ్చిందంటారు. అక్కడ బొజ్జన్నకొండ మీద రాతిలో తొలిచిన గుహలు, బుద్ధ విగ్రహాలు, పక్కనున్న లింగాలకొండ మీద వరుసలుగా ఏకశిలా స్తూపాలు ఉన్నాయి. 1906లో అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వకాలు ప్రారంభించాడు. కనుమ పండుగనాడు వేలమంది ఈ కొండకు వస్తారు. వచ్చినవారు ఆ రోజే వెళ్లిపోతే చుట్టుపక్కల రైతుకు మిగిలేది స్వల్పం. మరోవైపు ఈ ప్రాంతంలో చెరకు సాగు తగ్గుతూ వస్తోంది. గానుగ చూపించి, భోజనం పెట్టి, బెల్లం అమ్ముకునే వీలుంటే రైతుకు కొంత అదనపు రాబడి ఉంటుంది. గిట్టుబాటు ధరకు ఇది ప్రత్యామ్నాయం కాదు, తోడు మాత్రమే.

మార్గ ప్రణాళిక

1892లో నైస్మిత్ ఇచ్చిన సూత్రం ప్రకారం సమతలంలో 5 కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట పడుతుంది. మన ఎండల్లో విశ్రాంతి సమయాన్ని దీనికి కలపాలి. సబ్బవరం మీదుగా పోయే ఆరు వరుసల రహదారిని వదిలి ఊరి బాటలను ఎంచుకోవాలి. తాగునీరు, మరుగుదొడ్డి, నీడ ఎక్కడెక్కడ దొరుకుతాయో ముందే గుర్తించాలి. గానుగలు ఆడే శీతకాలం నడకకూ అనువైనది.

అభ్యాసం

మీ మండలంలో రెండు ఊళ్లను కలిపే 10 కిలోమీటర్ల నడక బాటను గీయండి. యాత్రికుడు ఖర్చుపెట్టే 500 రూపాయలలో ఎంత సొమ్ము, ఎవరెవరి చేతికి చేరుతుందో లెక్కవేసి రాయండి.