బడి పుస్తకం, గుడి పుస్తకం

కోనసీమలో ఊరు ముగిసి పేట మొదలయ్యే చోట, కాలువగట్టుకు దిగువగా, పొడవాటి పెంకుటిల్లు ఒకటి అనేక గ్రామాలలో ఉండేది. వారమంతా అది బడి; ఆదివారం గుడి. తూర్పు గోడకు ఆనించి పీఠం, దాని ముందు ఒక తెర. తెర వేసి ఉన్నంతసేపు నల్లబల్ల, గుణింతం, ఎక్కాలు. తెర తీసిన దినాన జపమాల, దివ్యపూజ. కొడుకు వారమంతా కూర్చుండి దిద్దుకున్న చోటనే ఆదివారం నాడు తల్లి మోకరిల్లేది. గుమ్మం మీద ‘ఆర్.సి.ఎం. ఎలిమెంటరీ పాఠశాల’ అని వ్రాసి ఉండేది. రోమన్ కాథలిక్ మిషను అని ఆ మూడక్షరాల అర్థం. ఊరివారికి ఆ వివరంతో పని లేదు; ‘స్వాములవారి బడి’ అంటే చాలును.

ఇటువంటి బడి చరిత్ర తెలియవలెనంటే రెండు పుస్తకాలు దగ్గర పెట్టుకొని చదవాలి. ఒకటి బడిలోని ప్రవేశపు రిజిస్టరు. రెండవది గుడిలోని జ్ఞానస్నానపు పుస్తకం. ఒకే బిడ్డను గురించి ఆ రెండు పుస్తకాలు తరచుగా రెండు మాటలు చెప్పుతాయి. ఎందుకట్లు చెప్పవలసివచ్చినదో తెలిస్తే ఆ పేట కథ చాలవరకు తెలిసినట్లే.

కోనసీమకు క్రైస్తవ బడి ముందుగా పడమటి రేవు నుండి వచ్చినది. ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట 1836లో ఇంగ్లండు నుండి బయలుదేరి వచ్చిన విలియం బౌడన్, జార్జి బీర్ అనేవారు నరసాపురంలో నిలిచి, తరువాత గోదావరి డెల్టా మిషనుగా పేరుపొందిన ప్రొటెస్టెంటు సంఘానికి పునాది వేశారు. నరసాపురం రేవులో పడవ ఎక్కి సఖినేటిపల్లిలో దిగితే రాజోలు సీమయే. కాథలిక్కుల దారి వేరు. గౌతమి ఒడ్డున ఫ్రెంచివారి యానాంలో వారి మతం ఫ్రెంచి పాలన నీడన నిలిచినది. ఆల్ప్సు కొండల ప్రక్కనున్న సవోయ్ సీమ నుండి సాగివచ్చిన ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు 1846లో విశాఖపట్నం చేరారు. 1886లో విశాఖ మేత్రాసనమైనది. ఏలూరు కేంద్రంగా ఉభయ గోదావరి జిల్లాలకు ప్రత్యేక మేత్రాసనం ఏర్పడినది 1976లో మాత్రమే. కోనసీమలో కాథలిక్కులది చిన్న సంఖ్య. ‘మిషను’ అనగానే ఇక్కడ ఎక్కువమందికి తోచేది నరసాపురపు మిషనే. అయితే బడుల విషయంలో ఈ మిషనుల మధ్య భేదం బోర్డు మీది అక్షరాలలో కనిపించినంతగా లోపల కనిపించదు. ఎవరి బడిలో చూచినా కూర్చున్న పిల్లలు ఆ పేట పిల్లలే.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయినది. గన్నవరం వద్ద కట్టిన అక్విడక్టు వైనతేయ పాయను దాటించి నగరం లంకకు నీరు తెచ్చినది. భూమి పండినది, భూస్వామి పచ్చబడినాడు, పాలేరుకు పని పెరిగినది. పాలేరు కొడుకు ఏడెనిమిదేండ్లకే పశువుల వెంట నడిచాడు. వీధి అరుగు మీది బడి వానికి లేదు. ఆ అరుగు ఎక్కుటకు వానికి అర్హత లేదని ఊరు నిర్ణయించినది. ఎక్కనిచ్చినా పంతులుకు ఇచ్చుకొనుటకు వాని తండ్రి వద్ద ఏమీ లేదు.

ఈ రెండు అడ్డంకులకు విరుగుడుగా వచ్చినది సర్కారు గ్రాంటు. 1854 నాటి వుడ్ విద్యా ప్రకటన ప్రైవేటు బడులకు సహాయధనం ఇచ్చే పద్ధతిని నెలకొల్పినది. నాటి సర్కారు కాగితాలలో పంచములని వ్రాయబడిన మాల మాదిగల పిల్లల చదువు కొరకు మద్రాసు ప్రభుత్వం 1893లో చేసిన ఉత్తర్వును ‘పంచమ విద్యకు మాగ్నాకార్టా’ అని చెప్పుకొనేవారు. సర్కారు డబ్బిచ్చినది, మిషను ఇల్లు కట్టి ఉపాధ్యాయుని పెట్టినది. ఆ విధంగా బడికి ఆది నుండి ఇద్దరు యజమానులు. దీని మేలూ కీడూ తరువాతి కాలంలో తెలిసివచ్చాయి.

గ్రాంటు ఊరక వచ్చేది కాదు. పంతొమ్మిదవ శతాబ్ది చివరి భాగంలో, పరీక్షలో ఎందరు నెగ్గితే అంత గ్రాంటు అనే పద్ధతి ఉండేది. ఇనస్పెక్టరు వచ్చే దినం పేట అంతటికీ పరీక్ష దినమే. ఊడ్పులకు, కోతలకు పోయిన పిల్లలను పొలాల నుండి పిలుచుకొని వచ్చి, తలకు నూనె రాచి కూర్చోబెట్టవలసివచ్చేది. లెక్క చెప్పలేక పిల్లవాడు బిక్కమొగం వేస్తే ఉపాధ్యాయుని జీతానికే ఎసరు.

ఆ ఉపాధ్యాయుని పేరు చాలచోట్ల ‘ఉపదేశి’. పగలు అక్షరాలు చెప్పడం, సాయంకాలం జపం చెప్పించడం, గురువులు నెలకొకసారి వస్తే వారికి ముందుగా ఊరును సిద్ధం చేయడం, చావుబ్రతుకులకు దగ్గర నిలవడం, ఉత్తరాలు వ్రాసిపెట్టడం, కోర్టు కాగితం వస్తే చదివి చెప్పడం ఆయన పనులే. ఈ చివరి పని ఎంత పెద్దదో చదువుకున్నవారికి సులభంగా తట్టదు. నోటు మీద వ్రేలిముద్ర వేసే ముందు అందులో ఏమున్నదో చదివి చెప్పే మనిషి తమ పేటలోనే ఉండడం ఎంత ధైర్యం! గృహిణులు వండబోయే బియ్యంలో నుండి పిడికెడు తీసి విడిగా ఉంచేవారు. వారం వారం ఆ పిడికిళ్లు గుడికి చేరి ఉపదేశి ఇంటికి కొంత ఆధారమయ్యేవి. తాము ఒక పూట గంజి త్రాగుతూ బడి నిలిపిన సంఘం కథ గ్రాంటు లెక్కలలో కనిపించదు.

చదువు మీద కోనసీమ పేటలకు అంతటి ఆశ ఎట్లు కలిగినదో ఒక నాటకం చెప్పుతుంది. 1911లో మామిడికుదురులో జన్మించిన బోయి భీమన్న వ్రాసిన ‘పాలేరు’లో పాలేరు చదువుకొని అధికారి అవుతాడు. దానిని చూచి తమ బిడ్డలను బడికి పంపినవారు అనేకులు. 1960ల నాటికి ఆ బడులలో అమెరికా పాలపొడి, గోధుమనూక ఉప్మా కూడ చేరాయి. పాలపొడి కొరకే వస్తున్నారని ఎగతాళి చేసినవారూ లేకపోలేదు. ఆకలిగొన్న పిల్లవాడు తిని, కూర్చుండి చదివితే తప్పు ఎక్కడ ఉన్నదో వారు చెప్పలేదు.

ఇక రిజిస్టరు సంగతి. పిల్లవానిని చేర్చుకొనేటప్పుడు ప్రధానోపాధ్యాయుడు నింపవలసిన గడులు అనేకం: పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, మతం, కులం. పుట్టిన తేదీ తల్లికి తుపానుల లెక్కన తెలుసును గాని తేదీల లెక్కన తెలియదు. కనుకనే ఆ తరంలో ఎందరికో పుట్టినరోజు జూలై 1. కష్టమంతా మతం, కులం అనే గడుల దగ్గర వచ్చినది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కానివారిని షెడ్యూల్డు కులాల జాబితా నుండి మినహాయించినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరచుకొన్నది గాని క్రైస్తవులకు తెరచుకోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు కులాలకు 15 శాతం రిజర్వేషను ఉండగా, క్రైస్తవులైన షెడ్యూల్డు కులాలవారికి వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గం క్రింద లభించినది 1 శాతం.

‘ఏమని వ్రాయమంటావు?’ అని ప్రధానోపాధ్యాయుడు అడిగితే, ‘మీకు తోచినట్టు వ్రాయండి మేష్టారూ’ అనడమే తండ్రికి వీలైన జవాబు. ఆ మేష్టారే ఆదివారం నాడు ఆ తండ్రి చేత జపం చెప్పించేవాడు. ‘క్రైస్తవుడు’ అని వ్రాస్తే బిడ్డకు వచ్చే ఉపకారవేతనం, హాస్టలు, రేపటి ఉద్యోగం చిక్కులో పడతాయి. వ్రాయకపోతే తన కలమే తన ప్రార్థనను కాదన్నట్లవుతుంది. అందుచేత బడి పుస్తకంలో ఒక పేరు, గుడి పుస్తకంలో మరొక పేరు నిలిచాయి. దీనిని మోసమనేవారు ఉన్నారు. మతం మారినంత మాత్రాన ఊరిలో వాని స్థానం మారినదా, కోనసీమ చెరువులోను టీ దుకాణంలోను వానిని చూచిన చూపు మారినదా అని వారు ముందుగా విచారించవలసి ఉన్నది.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలమట్టం చేసి, వేయిమందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. అటువంటి రాత్రులలో గట్టి గోడలున్న ఇల్లు పేటలో బడి ఒక్కటే అయిన చోట మతం, కులం గడులు ఎవరూ అడగలేదు.

గాలివానకు నిలిచిన బడులు తరువాత మెల్లగా సన్నగిల్లాయి. పదవీవిరమణ చేసిన ఎయిడెడ్ ఉపాధ్యాయుని స్థానంలో కొత్తవారు రాలేదు. మిషనులే పట్టణాలలో ఇంగ్లీషు మీడియం బడులు నడుపుతుండగా, కాస్త సంపాదన కలిగిన పేటవారు తమ పిల్లలను అక్కడికే పంపారు. ఇందులో వారిని తప్పుపట్టలేము. మిషనులు తమను తాము ప్రశ్నించుకోవలసిన విషయం మాత్రం ఉన్నది. 2021 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ఎయిడెడ్ యాజమాన్యాలను కదిలించినది: సర్కారు జీతం పొందే ఉపాధ్యాయులను అప్పగించవచ్చును, లేదా ఆస్తులతో సహా బడినే అప్పగించవచ్చును అన్నది. తల్లిదండ్రులు, విద్యార్థులు వీధులకెక్కిన మీదట, ఇచ్చిన అంగీకారాన్ని వెనుకకు తీసుకొనవచ్చునని నవంబరులో సడలించినది. అల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలను తామే నడుపుకొనే హక్కును రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చినది. ఉపాధ్యాయులు లేని బడిని ఏ హక్కుతో నడపాలో అది చెప్పదు.

తెర కట్టిన పెంకుటింటికి ఈ ప్రశ్న మరింత బరువైనది. బడి క్రింది నేలయే గుడి క్రింది నేల. ఆస్తితో సహా అప్పగిస్తే సోమవారం మిగులుతుంది, ఆదివారం పోతుంది. ఉపాధ్యాయులను మాత్రం అప్పగిస్తే ఆదివారం మిగిలి, సోమవారం పోతుంది. పిడికెడు బియ్యం విడిగా ఉంచిన ఇల్లాండ్రు తాము ఈ రెంటిలో దేనికి బియ్యం ఇచ్చినదీ ఎన్నడూ విడదీసి చూడలేదు.

బడి మూతపడితే దాని రిజిస్టర్లు మండల విద్యాధికారి కార్యాలయానికి చేరుతాయి. పుట్టిన తేదీకో, కులధ్రువీకరణకో తాతగారి పేరు వెదకుతూ వచ్చిన మనుమడు అక్కడ అర్జీ పెట్టుకొని, ఆ పేరును చూచి వ్రాసుకొని పోతాడు. ఆ తాతకే ఉన్న మరొక పేరు గుడి పుస్తకంలో ఉన్నది. దానిని అడుగుతూ ఏ కార్యాలయమూ ఇంతవరకు ఎవరినీ అక్కడికి పంపలేదు.