'ఫ్లూయెంట్' అంటే తప్పులు లేకపోవడమేనా?

మైత్రీవనం దగ్గర బస్సు దిగి తలెత్తితే ఎటు చూసినా కోచింగ్ బోర్డులే. స్పోకెన్ ఇంగ్లిష్ బోర్డుల మీద, ఉద్యోగ ప్రకటనల్లో తరచూ ఎదురయ్యే మాట 'ఫ్లూయెంట్'. మన హాస్టల్ నుంచి అమీర్‌పేట వచ్చే తమ్ముళ్లు, చెల్లెళ్లు దాన్ని చూసి బెదరకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మేమూ బెదిరినవాళ్లమే. మా ఇంట్లో డిగ్రీ దాటింది మేమే మొదలు. పీజీ అయ్యాక పంజాగుట్టలో ఒక ఇంటర్వ్యూకు వెళ్తే, "ఆర్ యూ ఫ్లూయెంట్ ఇన్ ఇంగ్లిష్?" అని అడిగారు. ఒక్క తప్పు లేకుండా గడగడా మాట్లాడడమే ఫ్లూయెంట్ అనుకుని "నో సర్" అనేశాం. రెండో ప్రశ్న రాలేదు.

ఈ విశేషణం లాటిన్‌లో 'ప్రవహించు' అనే అర్థమున్న 'ఫ్లుయెరె' నుంచి వచ్చింది. ఫ్లూయిడ్, ఇన్‌ఫ్లుయెన్స్ దీని చుట్టాలే. సంపన్నులకు వాడే 'అఫ్లూయెంట్', పటాన్‌చెరు ఫ్యాక్టరీల నుంచి నక్కవాగులో కలిసిన మురికినీటికి వాడే 'ఎఫ్లూయెంట్' కూడా ఆ ఇంటివే. (ఒకరికి లోపలికి పారితే ఇంకొకరి ఊళ్లోకి బయటికి పారింది!) మనం 'ధారాళంగా' అన్నా అందులో ఉన్నది ధారే. 'అనర్గళం' మాకు ఇంకా నచ్చుతుంది. అర్గళం అంటే తలుపు గడియ. గడియ పడని మాట అన్నమాట.

కాబట్టి ఫ్లూయెంట్ అంటే మాటకు మాట వెతుక్కుంటూ ఆగిపోకుండా సాగడం. వేగం కాదు. వ్యాకరణం వేరే లెక్క. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ పరీక్షలో ధారాళత, పొందిక కలిపి ఒక అంశం. పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ విడివిడిగా మూడు. నాలుగింటికీ సమాన విలువ. చదువుతో కూడా దీనికి పని లేదు. వేలిముద్ర వేసే మా అమ్మ తెలుగులో ఫ్లూయెంట్. కూలి లెక్క తేడా వచ్చినప్పుడు మేస్త్రీతో ఆమె మాట్లాడే తీరు వినాలి.

ఇక వాడుక. భాష పేరుకు ముందు 'ఇన్' రావాలి: "షి ఈజ్ ఫ్లూయెంట్ ఇన్ తెలుగు." "షి స్పీక్స్ ఫ్లూయెంట్ తెలుగు" అన్నా సరే. క్రియ గురించి చెబితే 'ఫ్లూయెంట్లీ'. పోల్చేటప్పుడు 'మోర్ ఫ్లూయెంట్'. మోస్తరుగా వస్తే 'ఫెయిర్లీ ఫ్లూయెంట్' అనవచ్చు. ఎస్ సర్‌కూ నో సర్‌కూ మధ్య ఇలాంటి మాట ఒకటుందని ఆ రోజు మాకు తెలియదు.