రాకెట్ ఇంట్లోనే కట్టొచ్చు.. మందు మాత్రం ఇంట్లో కలపొద్దు

మోడల్ రాకెట్లలో రెండు రకాలున్నాయి. దుకాణంలో కిట్టు కొని, అందులోని ముక్కల్ని అంటించి ఎగరేసేది ఒకటి. గొట్టం పొడవెంత, రెక్కల వెడల్పెంత, ముక్కు ఏ ఆకారంలో ఉండాలి, పారాచూట్ ఎంత పెద్దదవ్వాలి అన్నవన్నీ కట్టేవాళ్లే తేల్చుకుని, కాగితంతో, అట్టతో, తేలికపాటి చెక్కతో మొదటి నుంచీ సొంతంగా చేసుకునేది రెండోది. అమెరికాలో దీన్ని 'స్క్రాచ్ బిల్ట్' అంటారు. అక్కడి హైస్కూలు పిల్లలకు 2003 నుంచి ఏటా దేశవ్యాప్తంగా ఒక పోటీ కూడా నడుస్తోంది. జట్టు సొంతంగా డిజైన్ చేసిన రాకెట్లో పచ్చి కోడిగుడ్డు పెట్టి, చెప్పిన ఎత్తుకు పంపి, చెప్పిన సమయంలో పగలకుండా కిందికి దించాలి. డాలస్‌లోనో షికాగోలోనో చదివే పిల్లలు సెలవులకు హైదరాబాద్, కర్నూలు వచ్చి ఈ కబుర్లు చెబితే, ఇక్కడి పిల్లలు అడిగే మాట ఒకటే. మనమూ చేయొచ్చా?

పని చాలావరకు చేయొచ్చు. ఒక్క మందు సంగతి వేరు. దాన్ని ఇంట్లో తయారు చేయడం అమెరికాలోనూ ఈ సరదాకు పూర్తిగా నిషిద్ధం. అసలు ఈ సరదా పుట్టిందే ఆ ప్రమాదం తప్పించడానికి.

1950లలో అమెరికా కుర్రాళ్లకు రాకెట్ల పిచ్చి పట్టింది. 1957లో రష్యా స్పుత్నిక్ పంపాక అది ఇంకా ముదిరింది. ఇనప గొట్టాల్లో ఏవేవో రసాయనాలు కూరి ముట్టించేవాళ్లు. గొట్టాలు పేలి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు, కళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. వైట్ శాండ్స్ రాకెట్ కేంద్రంలో పనిచేసిన హ్యారీ స్టైన్ ఈ ప్రమాదాల గురించి ఒక పత్రికలో రాశారు. అది చదివి నెబ్రాస్కా రాష్ట్రంలోని నార్ఫోక్ అనే ఊళ్లో చెప్పుల దుకాణం నడిపే ఆర్విల్ కార్లైల్ తను చేసిన రాకెట్లను ఆయనకు పంపారు. కార్లైల్ 1954లోనే అట్ట గొట్టంతో, పారాచూట్‌తో, ప్రతిసారీ కొత్త మోటారు మార్చుకునేలా రాకెట్ చేసి పెట్టుకున్నారు. తర్వాత కొలరాడోలో వెర్న్ ఎస్టెస్ కొన్ని సెకన్లకో మోటారు చొప్పున తయారుచేసే యంత్రం కట్టారు. అప్పటి నుంచి సూత్రం ఇదే: రాకెట్ నువ్వు కట్టు, మోటారు ఫ్యాక్టరీ నుంచి కొను.

ఇక్కడ మన చరిత్ర ఒకసారి గుర్తుకొస్తుంది. మైసూరులో హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ సైన్యాల రాకెట్ల గొప్పతనమంతా ఇనప గొట్టంలోనే ఉంది. కాగితపు గొట్టమో వెదురు గొట్టమో తట్టుకోలేనంత ఒత్తిడిని ఇనుము తట్టుకునేది. అందుకే మందును గట్టిగా దట్టించగలిగారు, దూరం పెరిగింది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఆంగ్లేయులు ఆ రాకెట్లను ఇంగ్లాండుకు పట్టుకెళ్లారు. వాటిని చూసే విలియం కాంగ్రీవ్ తన రాకెట్లు తయారు చేశాడు. అమెరికాలోని వాలప్స్ నాసా కేంద్రంలో టిప్పు సైన్యం రాకెట్లు వదులుతున్న చిత్రపటం చూశానని అబ్దుల్ కలాం ఆత్మకథలో రాసుకున్నారు. 2018లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో ఒక పాడుబడ్డ బావి తవ్వితే అలాంటి రాకెట్లు వెయ్యికి పైగా బయటపడ్డాయి.

అయితే ఏ ఇనుము వాటిని ఆయుధం చేసిందో, మోడల్ రాకెట్లో సరిగ్గా ఆ ఇనుమే పనికిరాదు. కాగితపు గొట్టం పగిలితే చిరిగిపోతుంది, అంతే. ఇనప గొట్టం పగిలితే ముక్కలు తూటాల్లా చుట్టూ దూసుకొస్తాయి. అందుకే గొట్టం, ముక్కు, రెక్కలు అన్నీ కాగితం, చెక్క, ప్లాస్టిక్‌లతోనే ఉండాలన్నది అమెరికా మోడల్ రాకెట్ల సంఘం భద్రతా నియమావళిలో మొదటి వరసలో ఉండే మాట.

నిటారుగా ఎందుకు వెళుతుంది?

టిప్పు రాకెట్‌కు పొడవాటి వెదురు కర్ర కట్టేవారు. దీపావళికీ, బారాత్‌కీ కాల్చే తారాజువ్వకూ కర్ర ఉంటుంది. అది పీకేసి ముట్టిస్తే ఏమవుతుందో వీధిలో అందరికీ తెలుసు. ఎటు పోతుందో దానికే తెలియదు. మోడల్ రాకెట్లో ఆ కర్ర చేసే పనిని రెక్కలు చేస్తాయి.

ఇందులో అర్థం చేసుకోవాల్సినవి రెండు బిందువులు. రాకెట్‌ను వేలి మీద అడ్డంగా పెడితే ఎక్కడ తూగుతుందో అది గురుత్వ కేంద్రం. పక్క నుంచి వచ్చే గాలి తోపుడంతా ఒకేచోట పడుతున్నట్టు లెక్కేస్తే ఆ చోటు పీడన కేంద్రం. గాల్లో ఉన్న వస్తువు గురుత్వ కేంద్రం చుట్టూనే తిరుగుతుంది. గాలి తోపుడు దానికి వెనక పడితే తోక వెనక్కి పోయి ముక్కు మళ్లీ దారిలోకి వస్తుంది. ముందు పడితే ముక్కే వెనక్కి తిరుగుతుంది, రాకెట్ గిరగిరా తిరిగి మనుషుల మీదికైనా రావచ్చు. బాణానికి ముందు బరువు, వెనక ఈకలు పెట్టేది ఇందుకే. గొట్టం మందం ఎంతుందో కనీసం అంత దూరమైనా పీడన కేంద్రం వెనక ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం.

ఈ పీడన కేంద్రాన్ని మోడల్ రాకెట్లు కట్టే మామూలు వాళ్లు కూడా లెక్కగట్టేలా సూత్రాలు ఇచ్చింది నాసా ఇంజనీర్ జేమ్స్ బారోమన్, 1966లో. కూడికలు, గుణకారాలు, వర్గమూలం వస్తే చాలు, పదో తరగతి పిల్లలు చేయగలరు. ఒక లెక్క చూద్దాం. గొట్టం 25 మిల్లీమీటర్ల మందం, 300 పొడవు. ముందు 75 మిల్లీమీటర్ల గుండ్రటి ముక్కు. వెనక మూడు రెక్కలు. ఒక్కోటి గొట్టానికి అంటే చోట 60, బయటి అంచున 35, గొట్టం నుంచి బయటికి 45 మిల్లీమీటర్లు. సూత్రంలో వేస్తే పీడన కేంద్రం ముక్కు కొస నుంచి సుమారు 310 మిల్లీమీటర్ల దగ్గర వస్తుంది. మోటారు, పారాచూట్ అన్నీ పెట్టాక ఈ రాకెట్ 50 గ్రాముల లోపు తూగుతుంది, గురుత్వ కేంద్రం 260 దగ్గర ఉంటుంది. మధ్యలో 50 మిల్లీమీటర్లు, అంటే గొట్టం మందానికి రెండింతలు. భేష్.

ఇప్పుడు 'చిన్న రెక్కలైతే జెట్ విమానంలా ఉంటుంది' అని 45ని 22కి కోసేశారనుకోండి. పీడన కేంద్రం ఒక్కసారిగా 262కు జరిగిపోతుంది. రెండు బిందువులూ దాదాపు ఒకే చోటికొచ్చాయి. చూడ్డానికి అందంగానే ఉంటుంది, ఎగరేస్తే మాత్రం ప్రమాదం. కంటికి కనిపించని ఈ తేడాను కాగితం మీద ముందే పట్టుకోవడమే డిజైన్ చేయడమంటే. చేత్తో లెక్క చేయడం బద్ధకమైతే 'ఓపెన్ రాకెట్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఫిన్లాండ్ విద్యార్థి సాంపో నిస్కనెన్ 2009లో తన మాస్టర్స్ థీసిస్ కోసం తయారు చేసింది అది. అయినా మొదటిసారి చేత్తో చేస్తేనే విషయం బుర్రకెక్కుతుంది.

కట్టడం

గొట్టానికి వైరింగ్ వాళ్లు వాడే 25 ఎంఎం ప్లాస్టిక్ పైపు అచ్చుగా పనికొస్తుంది. పుస్తకాలకు అట్టలేసే బ్రౌన్ పేపర్‌కు ఫెవికాల్ పల్చగా రాసి మూడు నాలుగు చుట్లు చుట్టాలి. పైపుకు ముందు ఒక మామూలు కాగితం చుట్టి ఉంచితే ఆరాక గొట్టం జారి వస్తుంది, లేకపోతే పైపుతోనే ఉండిపోతుంది.

రెక్కలకు బాల్సా చెక్క మంచిది, రెండు మిల్లీమీటర్లది చాలు. చెక్క నార రెక్క ముందంచు వెంబడి ఉండేలా కోయాలి. అడ్డంగా కోస్తే చేత్తో పట్టుకోగానే విరుగుతుంది. బాల్సా దొరక్కపోతే గట్టి అట్ట రెండు పొరలు అంటించొచ్చు, తోక బరువెక్కుతుంది కాబట్టి లెక్క మళ్లీ చూసుకోవాలి. మూడు రెక్కలూ సమాన దూరంలో రావాలంటే గొట్టం చుట్టూ కాగితం పట్టీ చుట్టి, విప్పి, దాన్ని మూడు భాగాలు చేసి మళ్లీ చుట్టి గుర్తులు పెట్టుకోవాలి. నిలువు గీతకు తలుపు చట్రం మూలలో గొట్టాన్ని ఆనించి గీస్తే వంకర రాదు. జిగురు ఒకసారి రాసి ఆరనిచ్చి, మళ్లీ రాసి అంటిస్తే రెక్క ఊడదు. తొందరపడితే ఇక్కడే చెడుతుంది. రెక్క కాస్త వంకరగా అంటుకున్నా రాకెట్ బొంగరమవుతుంది.

మోటారు 18 మిల్లీమీటర్ల మందం, 70 పొడవు. గొట్టం మధ్యలో కదలకుండా కూర్చోడానికి అట్టతో కోసిన రింగులు కావాలి. మోటారు ముందుకు దూసుకుపోకుండా ఎదురుగా ఇంకో మందపాటి రింగు అంటించాలి. గొట్టం పక్కన ఒక స్ట్రా ముక్క. మీటరు పొడవున్న నిలువు కడ్డీ మీద రాకెట్ జారుతూ పైకి లేవడానికి అదే ఆధారం. రెక్కలకు గాలి పట్టేంత వేగం వచ్చేదాకా దారి చూపేది ఆ కడ్డీయే.

పారాచూట్‌కు 30 సెంటీమీటర్ల పల్చటి ప్లాస్టిక్ షీటు చాలు. ఈ బరువుకు సెకనుకు మూడు నాలుగు మీటర్ల వేగంతో నెమ్మదిగా దిగుతుంది. ముక్కునూ గొట్టాన్నీ కలుపుతూ పొడవాటి ఎలాస్టిక్ ఉండాలి, లేకపోతే ముక్కు ఒక దారి, గొట్టం ఒక దారి.

ఎగరేసే ముందు ఒక పరీక్ష ఉంది, దీనికి నిప్పు అక్కర్లేదు. మోటారు లేకపోతే దాని బదులు 20 గ్రాముల బంకమట్టి కాగితంలో చుట్టి అదే చోట పెట్టాలి. గురుత్వ కేంద్రం దగ్గర రెండు మూడు మీటర్ల దారం కట్టి, తల చుట్టూ గుండ్రంగా తిప్పాలి. ముక్కు ముందుకు పెట్టి తిరిగితే లెక్క సరైనదే. పక్కకో వెనక్కో తిరిగితే ముక్కులో కాస్త మట్టి వేయాలి, లేదా రెక్కలు పెంచాలి. పిల్లలకు ఈ ఆట ఎంత నచ్చుతుందంటే, మేడ మీద సాయంత్రమంతా ఇదే నడుస్తుంది.

మోటారు మీది అంకెలు

అమెరికా దుకాణంలో దొరికే మోటారు మీద 'బి6-4' లాంటి గుర్తు ఉంటుంది. అక్షరం మొత్తం శక్తి చెబుతుంది. ఎ కంటే బి రెండింతలు, బి కంటే సి రెండింతలు. 6 అంటే సగటున ఆరు న్యూటన్ల తోపుడు. పై రాకెట్ బరువు అర న్యూటన్ కూడా లేదు, కాబట్టి పన్నెండింతల బలం. కడ్డీ వదిలేసరికే సెకనుకు సుమారు 15 మీటర్ల వేగం వచ్చేస్తుంది. మందు ఒక్క సెకనులోపే అయిపోతుంది. చివరి 4 అంటే ఆ తర్వాత నాలుగు సెకన్లు రాకెట్ ఊపు మీద పైకి పోయాక, లోపలి చిన్న మందు పేలి ముక్కును తోసి పారాచూట్ విప్పుతుందని. ఆ వేడికి ప్లాస్టిక్ కరగకుండా మధ్యలో నిప్పంటని కాగితం ఉండలు పెడతారు.

బి మోటారుకు కనీసం 61 మీటర్ల మైదానం ఉండాలి. కరెంటు వైరుతోనే ముట్టించాలి, అగ్గిపుల్లతో కాదు. మనుషులంతా ఐదు మీటర్ల దూరంలో నిలబడాలి. అంటుకోకపోతే బ్యాటరీ తీసేసి ఒక నిమిషం ఆగాకే దగ్గరికెళ్లాలి. ఆ ఒక్క నిమిషం ఆగలేకపోవడమే పిల్లలతో అసలు సమస్య, పెద్దవాళ్లు పక్కన ఉండాల్సింది అందుకే.

మన దగ్గరికొస్తే, ఇలాంటి మోటార్లలో ఉండేది పేలుడు మందు. దాన్ని తయారు చేయడం, దిగుమతి చేయడం, అమ్మడం అన్నీ 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 నిబంధనల కిందికి వస్తాయి. లైసెన్సు కావాలి. 'మామూ అమెరికా నుంచి వస్తున్నాడు, రెండు మోటార్లు సూట్‌కేసులో పెట్టుకురమ్మందాం' అనే ఆలోచన అసలే వద్దు. చేతి సంచీలోనైనా, చెక్-ఇన్ సామానులోనైనా మోడల్ రాకెట్ మోటార్లు విమానంలో నిషేధం. పట్టుబడితే ఆయన ప్రయాణం అక్కడితో ఆగుతుంది. తారాజువ్వలు విప్పి మందు తీసి గొట్టంలో కూరడం ఇంకా ఘోరం. రాపిడికే అంటుకునే మందు అది.

మరి ఇక్కడ ఎగిరేదేది? నీళ్ల రాకెట్. కూల్‌డ్రింక్ సీసాలో మూడో వంతు నీళ్లు పోసి, మూతికి వాల్వు బిగించిన రబ్బరు బిరడా పెట్టి, సైకిల్ పంపుతో గాలి కొట్టాలి. గాలి ఒత్తిడి నీళ్లను కిందికి తోస్తే సీసా పైకి లేస్తుంది. గ్యాస్ ఉన్న డ్రింకుల సీసానే వాడాలి, ఆ ఒత్తిడికి తట్టుకునేలా చేసింది అదే. మామూలు మంచినీళ్ల సీసా పల్చన, పగులుతుంది. గాలి కొట్టేటప్పుడు సీసా మీదికి వంగకూడదు, పొడవాటి పైపుతో దూరం నుంచే కొట్టాలి. ముక్కు, రెక్కలు, రెండు బిందువుల లెక్క, దారం పరీక్ష అన్నీ పైన చెప్పినట్టే. ఒక్కటే తేడా, నీళ్లు బయటికి పోయేకొద్దీ గురుత్వ కేంద్రం జరుగుతుంది. అందుకే నీళ్లు లేకుండా ఖాళీ సీసాతోనే తూచి, దారం కట్టి తిప్పి చూసుకోవాలి.