ఆయిల్ ప్రెషర్ తగ్గిందా? ఇంజను విప్పించే ముందు ఇవి చూడండి

పత్తి కట్టె పీకిన రేగడి చేలో దున్నుతుంటే పాత ట్రాక్టరు ఆయిల్ ముల్లు పడిపోయిందా? వెంటనే ఇంజను ఆపేయండి. 10 నిమిషాలాగి పుల్ల తీసి చూడండి. మట్టం తగ్గితే సరైన గ్రేడు ఆయిల్ పోయండి. మట్టం పెరిగి డీజిల్ వాసన కొడితే ఆయిల్ పలచబడినట్లే. డీజిల్ లీకు సరిచేయించి, ఆయిల్ మార్పించాలి. పాలలా తెల్లగా ఉంటే నీళ్లు కలిసినట్లు. ఇవేవీ కాకుంటే మెకానిక్ చేత మరో మీటరు బిగించి చూపించండి, తప్పు మీటరుదే కావచ్చు. తర్వాత ఫిల్టరు, రిలీఫ్ వాల్వు స్ప్రింగు, ఛాంబరులోని జల్లెడ చూడాలి. అన్నీ బాగుండి, వేడెక్కాక స్లోలో ముల్లు పడిపోతుంటే బేరింగులో, ఆయిల్ పంపో అరిగినట్లు. అప్పుడే ఇంజను విప్పించండి. ‘ఈ చెక్క అయ్యాక చూద్దాంలే’ అని నడిపారో, బేరింగులతో పోయే ఖర్చు క్రాంకు దాకా వస్తుంది.