ప్రేగులలోని కావలివారు

బిడ్డ పాలిపోయి, తిండి సహింపక, కడుపునొప్పి యని మూలుగుచుండిన "కడుపులో పురుగులున్నవేమో" యని పెద్దలనుట మన యిండ్ల వాడుక. ఆ యనుమానము త్రోసివేయదగినది కాదు. ఏలికపాములు, కొరడాపురుగులు, కొంకిపురుగులు మట్టి మూలమున సంక్రమించును. లోకమున సుమారు 150 కోట్లమంది వీనిని కడుపున మోయుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ యంచనా. కొంకిపురుగు ప్రేగుగోడను కరచి రక్తము త్రావును; అందువలన బిడ్డలును గర్భిణులును రక్తహీనత పాలగుదురు.

ఈ శత్రువును దేహమెట్లెదుర్కొనునో సోదరీమణులకు విన్నవింతుము. సూక్ష్మక్రిములను తెల్లరక్తకణములు మ్రింగివేయగలవు. కాని జానెడు పొడవు పెరుగు ఏలికపామును కంటికి కానరాని కణమెట్లు మ్రింగును? కావున దేహము దానిని వెడలగొట్టు నుపాయమును పన్నినది.

ప్రేగు లోపలి పొరలో, తలపై కుచ్చు గల టఫ్ట్ కణములు అక్కడక్కడ నుండును. ఇవి పురుగుల రాకను కనిపెట్టు కావలివారని 2016వ సంవత్సరమున, చిట్టెలుకలపై జరిపిన పరిశోధనలలో తేలినది. పురుగు చేరినంతనే యివి ఇంటర్‌లూకిన్-25 అను పదార్థమును విడుచును. ఆ కబురందుకొని సమీపముననున్న లింఫాయిడ్ కణములు ఇంటర్‌లూకిన్-13ను వెలువరించును. అంతట ప్రేగున జిగురు విస్తారముగా నూరును. కండరములు గట్టిగా ముడుచుకొనును. కావలి కణములును పెక్కు రెట్లగును. మనము వాకిట నీళ్లు చల్లి చిమ్మునట్లు, దేహము పురుగును కడిగి యూడ్చివేయ జూచును.

అట్లయిన ప్రతిబిడ్డయు తనంతట తానేల బాగుపడదు? పోరాటము మితిమీరిన ప్రేగునకే హాని. అందుచే "ఇక చాలు" నని వారించు నియంత్రక టీ-కణములు కూడ దేహముననున్నవి. చిరకాలము కాపురముండు పురుగులు ఈ వారింపునే తమకనుకూలముగా త్రిప్పుకొనును. చిట్టెలుకల ప్రేగులలో వసించు నొకజాతి పురుగు, అట్టి కణములను పుట్టించు సంకేతమును పోలిన పదార్థమును తానే స్రవించునని 2017లో కనుగొనిరి. శత్రువు యజమాని గొంతుతోనే కావలివారిని ఆపినట్లున్నది గదా!

కావున దేహబలమునే నమ్మి యూరకుండరాదు. మన దేశమున 2015 నుండి జాతీయ నులిపురుగుల నివారణ దినమున, 1 మొదలు 19 సంవత్సరముల వయసువారికి బడులలోను అంగన్‌వాడీలలోను ఆల్బెండజోల్ మాత్రలు ఉచితముగా నిచ్చుచున్నారు. బిడ్డలకు వానిని తప్పక యిప్పింపుడు. గర్భిణులు మాత్రము వైద్యుల నడుగక పుచ్చుకొనరాదు. మాత్ర యున్న పురుగులను వెడలించునే గాని క్రొత్తవానిని రాకుండ నాపజాలదు. కొంకిపురుగు పిల్ల వట్టి పాదముల చర్మమును తొలుచుకొని లోనికి వచ్చును. ఏలికపాము గ్రుడ్లు మట్టిచేతులతోను, కడుగని కూరలతోను నోటబడును. బిడ్డల కాళ్లకు చెప్పులు, మరుగుదొడ్డి వాడుక, అన్నమునకు ముందు సబ్బుతో చేతులు కడుగుట — ఈ మూడును ఇంటి యిల్లాలు అలవాటు చేయించిన, లోపలి కావలివారి భారము సగము తగ్గును.